చెరువు గట్టు మీద ఫైబర్ వేయబోతున్న మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆకివీడు రొయ్యల చెరువు దగ్గర నువ్వు పెట్టిన ఆక్సిజన్ మీటరు బోర్డు మళ్లీ కాలిపోయిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఈసారి రాగి వైరు తీసేసి, వెలుగుతో సిగ్నల్ పంపే ఆప్టికల్ ఫైబర్ వేస్తానన్నావట. చాలా సంతోషం. అయితే సామాను కొనేముందు ఈ ఉత్తరం ఒకసారి నిదానంగా చదువు.

నీ బోర్డు ఎందుకు కాలిందో ముందు తెలుసుకో. గట్టు మీద నీ సెన్సారు చెరువు నీళ్లలో ఉంది. ముప్పై అయిదు మీటర్ల అవతల మోటారు షెడ్డులో ఎర్త్ వేరే చోట ఉంది. దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండు చోట్ల నేల వోల్టేజి ఒక్కలా ఉండదు. ఆ తేడా అంతా నీ సిగ్నల్ వైరులోంచే పారుతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్టార్టర్ నొక్కినప్పుడు వచ్చే నాయిస్, అంటే కరెంటు అలజడి, దానికి తోడు. ఫైబర్‌లో వెలుగే పోతుంది, కరెంటు పోదు. మనకు కావాల్సింది దాని స్పీడు కాదు, ఈ ఒక్క గుణమే.

ఆ గుణాన్ని మన చేత్తో మనమే పాడుచేసుకోకూడదు. పాలకొల్లు దగ్గర ఒక చెరువుకు నేను ఫైబర్ వేసి, గట్టు మీద బోర్డుకు పవర్ కావాలని అదే పైపులో షెడ్డు నుంచి 12 వోల్టుల వైరు కూడా లాగాను. ఆ వేసవిలో పిడుగు పడితే రెండు పక్కలా బోర్డులు పోయాయి. ఫైబర్ మాత్రం చెక్కుచెదరలేదు! తప్పు నాదే. అందుకని గట్టు మీద చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ పెట్టు. షెడ్డుకూ గట్టుకూ మధ్య ఒక్క లోహపు తీగ కూడా ఉండకూడదు.

ఇక సామాను. 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ ఫైబర్ నీకు సరిపోతుంది. ఎర్ర వెలుగుకు దాంట్లో మీటరుకు 0.2 డెసిబెల్ దాకా నష్టం ఉంటుంది. అంటే పదిహేను మీటర్లకు వెలుగు సగమవుతుంది, నీ ముప్పై అయిదు మీటర్లకు అయిదో వంతే మిగులుతుంది. దాన్ని లెక్కలో పెట్టుకుని హెచ్‌ఎఫ్‌బీఆర్-1522 ట్రాన్స్‌మిటర్, 2522 రిసీవర్ జత తీసుకో. హోమ్ థియేటర్లలో శబ్దాన్ని ఫైబర్‌లో పంపే టాస్‌లింక్ ముక్కలు చౌకగా దొరుకుతాయి కదా అని వాటి జోలికి పోకు. తోషిబా వాళ్లు 1983లో వాటిని ఆడియో కోసం చేశారు. వాటిలో చాలా రిసీవర్లకు సిగ్నల్ ఆగకుండా మారుతూ ఉండాలి. నీ బోర్డు రీడింగ్‌ను ఒక్కో బిట్టుగా పంపే 9600 బాడ్ సీరియల్ సిగ్నల్ మధ్యలో సెకన్ల తరబడి ఊరుకుంటుంది కాబట్టి అవి తికమక పడతాయి.

ట్రాన్స్‌మిటర్ లోపలిది మామూలు ఎర్ర ఎల్‌ఈడీనే, కానీ ఇంత దూరానికి దాదాపు 60 మిల్లీఆంపులు అడుగుతుంది. నీ బోర్డులోని ఈఎస్‌పీ32 చిప్ పిన్ అంత ఇవ్వలేదు. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టరు, 5 వోల్టుల నుంచి 56 ఓమ్ రెసిస్టరు పెట్టు. రెసిస్టరు అర వాటుది వెయ్యి, పావు వాటుది వేడెక్కుతుంది. ట్రాన్సిస్టరు బేస్ కాలికి 1కె (వెయ్యి ఓమ్) రెసిస్టరు, బేస్ నుంచి గ్రౌండుకు 10కె.

ఇక్కడ చాలామంది రాత్రుళ్లు నిద్ర పోగొట్టుకునే చిక్కు ఒకటుంది. సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు ‘హై’ (ఎక్కువ వోల్టేజి) స్థితిలో ఉంటుంది. ఈ ట్రాన్సిస్టరుతో హై అంటే ఎల్‌ఈడీ వెలగడం, వెలుగు పడితే రిసీవర్ ‘లో’ (తక్కువ వోల్టేజి) సిగ్నల్ ఇస్తుంది. అంతా తలకిందులు! పైగా ఖాళీగా ఉన్నంతసేపూ ఎల్‌ఈడీ వెలుగుతూ బ్యాటరీని తాగేస్తుంది. పంపే బోర్డు ప్రోగ్రాములో మాత్రం సీరియల్‌ను ఇన్‌వర్ట్ చెయ్యి, అంటే హై, లోలను తిరగెయ్యి, ఈఎస్‌పీ32లో ఆ సెట్టింగ్ ఉంది. అందుకునే వైపు ఏమీ మార్చకు. రిసీవర్‌కు 5 వోల్టులు ఇవ్వు, దాని అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే లైనును కిందికి లాగడమే తప్ప పైకి ఎత్తలేదు కాబట్టి 1కె రెసిస్టరుతో 3.3 వోల్టులకు కట్టు. రిసీవర్ లోపలున్న పుల్-అప్ (లైనును పైకి ఎత్తే రెసిస్టరు) వాడకు. రిసీవర్ కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి.

ఫైబర్ కోయడంలో తొందర పనికిరాదు. కొత్త బ్లేడుతో నిట్టనిలువుగా ఒకే కోత. తర్వాత 600 నంబరు వాటర్ పేపర్ మీద నీళ్లు చల్లి, ఎనిమిది అంకె దిద్దినట్టు రుద్దు. ఆపైన 2000 నంబరు. కొస అద్దంలా మెరవాలి. రాత్రిపూట అవతలి చివర తెల్ల కాగితం పెట్టి చూడు, ఎర్ర చుక్క గుండ్రంగా పడితే పని బాగా వచ్చినట్టు. ఇది కనబడే వెలుగు కాబట్టి ఇలా చూడొచ్చు. రేపు పెద్ద దూరాలకు గాజు ఫైబర్ వేస్తే మాత్రం దాని కొసలో కన్ను పెట్టకు. అక్కడ వెలుగు కంటికి కనపడదు.

గట్టులో పైపు వేసి అందులోంచి లాగు. ఎలుకలకూ పీతలకూ అందకూడదు. మూలల దగ్గర వంపు వ్యాసార్థం మూడు సెంటీమీటర్ల కన్నా తగ్గేలా వంచకు. గట్టు బాగుచేయడానికి పొక్లెయిన్ వచ్చే లోపు పైపు ఎక్కడుందో రెండు కర్రలు పాతి గుర్తు పెట్టు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. ఫైబర్ తెగితే చీకటి, సిగ్నల్ లేకపోయినా చీకటి. షెడ్డు బోర్డుకు ఈ రెండింటికీ తేడా తెలియదు. కాబట్టి అయిదు సెకన్లకోసారి గట్టు నుంచి రీడింగ్ చెక్‌సమ్‌తో (అంకెలు దారిలో చెడిపోయాయో లేదో పట్టిచ్చే సంఖ్యతో) సహా పంపు. నిమిషం పాటు సరైనది రాకపోతే ఏరేటర్లు వాటంతటవే ఆన్ అయి, నీ ఫోన్ మోగాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా దిగితే రొయ్య ఎలా పైకి తేలుతుందో నువ్వు చూశావు. ఆ గంటలో కరెంటు ఖర్చు లెక్క చూడొద్దు.

కొనేముందు గట్టు పొడవు టేపుతో మళ్లీ కొలిచి, అయిదు మీటర్లు ఎక్కువ తీసుకో. కోతకు కొంత పోతుంది. వచ్చే ఆదివారం నేను వస్తాను, మొదటి కొస ఇద్దరం కలిసి రుద్దుదాం.

మీ పెదనాన్న
పాలకొల్లు