స్వేచ్ఛ గురించి రాస్తున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో స్వేచ్ఛ అర్థం ఎలా మారిందో చెబుతానన్నావు. తీరా చూస్తే మొదటి పేజీ నిండా నిఘంటువు అర్థాలే. కొట్టెయ్. ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేనూ మొదట్లో ఇదే పొరపాటు చేసేవాణ్ణి. బోర్డు మీద నిర్వచనం రాసి వెనక్కి తిరిగేసరికి సగం తరగతి కునికిపాట్లు పడుతూ ఉండేది.

ఆ మాట ఎవరి నోట వచ్చింది, అప్పుడు వాళ్లకు చేతికి ఏం కావాలి, అది పట్టుకో. నన్నడిగితే సవానాతో మొదలుపెట్టు. అమెరికా అంతర్యుద్ధం ముగింపుకొస్తున్న రోజులు. 1865 జనవరి 12 రాత్రి జార్జియాలోని ఆ ఊళ్లో ఉత్తరాది సేనల జనరల్ షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి ఇరవై మంది నల్లజాతి చర్చి పెద్దలను పిలిపించారు. వాళ్ల తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్‌కు 67 ఏళ్లు. ఎనిమిదేళ్ల కిందట వెయ్యి డాలర్ల వెండి బంగారాలు చెల్లించి తననూ తన భార్యనూ కొనుక్కున్న మనిషి. ఇది రాశాక వివరణ ఏమీ జోడించకు, చదివేవాళ్లే ఆగుతారు. స్వేచ్ఛ అంటే ఏమనుకుంటున్నారని అడిగితే, బానిసత్వపు కాడి కింద నుంచి తప్పించి మా కష్టఫలం మేమే అనుభవించే చోట నిలపడం అన్నాడాయన. అందుకు భూమి కావాలి, దున్నుకుంటాం, క్రమంగా కొనుక్కుంటాం అన్నాడు. షెర్మన్ గురించి అడగాల్సి వచ్చినప్పుడు ఆ జనరల్‌నే గదిలోంచి బయటికి పంపారు!

నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. తీరప్రాంతంలో కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా భూమి. ఏడాది తిరగకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములు పాత యజమానులకు తిరిగి దక్కే ఏర్పాటు చేశాడు. అదే ఏడాది చివర మిసిసిపీ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు ఏటా జనవరిలో తమకు పని ఉన్నట్టు కాగితం చూపాలి. ఒప్పందం గడువు తీరకుండా వెళ్లిపోతే అప్పటిదాకా చేసిన పనికి కూలి దక్కదు. ఫ్రేజియర్ మాట పక్కన ఈ చట్టం పెట్టు చాలు.

లింకన్ 1864లో బాల్టిమోర్‌లో చెప్పిన తోడేలు కథ నువ్వూ వాడావు. అందరూ వాడతారు. కాపరి తోడేలును తరిమితే గొర్రె దండం పెడుతుంది, తోడేలు మాత్రం తన స్వేచ్ఛ పోయిందంటుంది. ఆ గొర్రె నల్లది అని లింకన్ ప్రత్యేకంగా అన్నాడు, నువ్వు అదే వదిలేశావు. దాని వెనకే 1886 నాటి పెన్సిల్వేనియా తీర్పు రావాలి. కూలి డబ్బు రూపంలోనే ఇవ్వాలన్న చట్టాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. తనకు నచ్చిన ఒప్పందం చేసుకునే కార్మికుడి హక్కుకు అది అడ్డమట. కార్మికుడి స్వేచ్ఛ పేరు చెప్పి యజమానిని గెలిపించడమంటే ఇదే.

స్త్రీల సంగతి 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీ హక్కుల సభతో ముగించావు. న్యూయార్క్‌లో పెళ్లయిన ఆడమనిషి కూలి ఆమె సొంతమని చట్టం చెప్పింది 1860లో. కష్టఫలం ఎవరిదన్న ప్రశ్న అక్కడా అదే కదా, ఆ దారం తెంపకు.

ఇంకో మాట. బానిసల విడుదల గురించి రాస్తూ ఒకచోట స్వాతంత్ర్యం అన్నావు. ఆ మాట వినగానే మనవాళ్లకు ఆగస్టు 15 గుర్తొస్తుంది. అక్కడ విముక్తి అను.

సవానా పేరా ముందుగా రాసి పంపు. ఫోనులో కాదు, కాగితం మీద. ఆ చిన్న అక్షరాలు నా కంటికి ఆనవు.

తాతయ్య