పోలీసు బండ్ల మోడళ్ల కోసం 3 లక్షల లోను తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తిరుపతిలో ఉంటాం. కరకంబాడి రోడ్డు వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. చేతికి 46 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 34 వేలు. పాపకు 7 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ పోలీసు బండ్లంటే పిచ్చి. 1:24, 1:25 స్కేళ్లలో కొలతలు తప్పకుండా మోడళ్లు చేస్తాను. అమెరికా పోలీసుల ఫోర్డ్ క్రౌన్ విక్టోరియాకు కిట్లు (ముక్కలు అతికించి చేసుకునే పెట్టెలు) తెప్పిస్తాను. మన బొలెరోను ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా చేస్తాను. ఈ ఏడాది బెంగళూరు, చెన్నై వాళ్లకు నాలుగు క్రౌన్ విక్టోరియాలు ఒక్కోటి 9 వేలకు అమ్మాను. ఒక్కోదానికి 60 గంటలు పట్టింది. ఇద్దరు ఎస్సైల రిటైర్మెంటుకు స్టేషన్ వాళ్లు అడిగితే, దుకాణంలో దొరికే బొమ్మ జీపుకే రంగు మార్చి, అక్షరాలు వేసి, అద్దాల పెట్టెలో పెట్టి 3,500 చొప్పున ఇచ్చాను. రెజిన్ ప్రింటర్ (ద్రవ ప్లాస్టిక్‌ను గట్టిపరిచి ముక్కలు తయారుచేసే 3డీ యంత్రం), రంగు కొట్టడానికి మంచి కంప్రెసర్, స్టాకు కలిపి 3 లక్షల పర్సనల్ లోను తీసుకుని, రెండేళ్లలో ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. బీరువాలో 1.8 లక్షల విలువైన విప్పని కిట్లున్నాయి. అవి ఆస్తి కిందే కదా? ఎఫ్‌డీ 1.5 లక్షలు ఉంది, క్రెడిట్ కార్డు బాకీ 62 వేలు. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. ఖర్చుల కాగితం, ఫొటోలు జత చేశాను.

జవాబు: లోను వద్దండీ. ఉద్యోగం మానే మాట అసలే వద్దు. మీ పనితనం మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. ఫొటోలు చూశాను. బొలెరో అసలు పొడవు 3,995 మిల్లీమీటర్లు, 24తో భాగిస్తే 166న్నర. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,680, అంటే మోడల్లో 112కు కాస్త తక్కువ. పక్కన పెట్టిన స్కేలు మీద రెండూ అచ్చంగా అంతే ఉన్నాయి. తిరుపతి అర్బన్ పోలీసు జిల్లాగా ఉన్ననాటి బండికి ఒక డెకల్ (బాడీ మీద అతికించే అక్షరాలు, గుర్తుల పలుచటి స్టిక్కరు), 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక వచ్చిన బండికి ఇంకో డెకల్ అని విడివిడిగా చేసి పెట్టుకున్న మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు. చిక్కల్లా అక్కడే ఉంది. ఈ నిక్కచ్చితనానికి అవతల డబ్బిచ్చేవాళ్లు ఎందరు?

మీ కాగితంలోని అంకెలే తీసుకుందాం. క్రౌన్ విక్టోరియా ఒకటి 9,000. కిట్‌కు 3,800, ప్రైమర్, రంగులు, క్లియర్ కోటు కలిపి 900, డెకల్స్ 500, లైట్ బార్ (పైకప్పు మీది దీపాల వరుస) సామాను 400, పెట్టె, కొరియర్ 450. మొత్తం 6,050 పోతే మిగిలేది 2,950. దాన్ని 60 గంటలతో భాగిస్తే గంటకు 49 రూపాయలు. ఫ్యాక్టరీలో నెలకు 208 గంటలు పనిచేస్తే 46 వేలు, అంటే గంటకు 221. లప్పం పెట్టి, ఆరనిచ్చి, వాటర్ పేపరుతో రుద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టి, కనబడీ కనబడని గీత కోసం మళ్లీ రుద్దే ఆ గంటలు మీకు ఇష్టమైనవి, కాదనను. కానీ వాటిని బ్యాంకుకు కట్టే కంతుగా మారిస్తే ఏమవుతుందో చూడండి. 3 లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 10,250. ఇప్పటి మిగులుతో అది కట్టాలంటే నెలకు మూడున్నర బండ్లు అమ్మాలి. మూడున్నర బండ్లంటే 210 గంటలు. అంటే ఇప్పుడున్న ఉద్యోగమంత ఇంకో ఉద్యోగం. అదీ జీతం లేనిది, ఎందుకంటే వచ్చిందంతా బ్యాంకుకే పోతుంది. మూడేళ్లలో వడ్డీ ఒక్కటే 69 వేల చిల్లర.

ప్రింటరు వస్తే గంటలు తగ్గుతాయి కదా అంటారు. కొన్ని తగ్గుతాయి. లైట్ బార్‌కే 11 గంటలు రాశారు. నాలుగడుగుల బార్ 1:24లో 5 సెంటీమీటర్లే. అందులో ఎరుపు, నీలం గాజు ముక్కలు బుడగలు లేకుండా పోతపోయడం కష్టమే, ప్రింటరు అక్కడ సాయపడుతుంది. రుద్దడం, రంగు, డెకల్ మాత్రం చేతిపనే. ఇంకో మాట. మీ ఫొటోల్లో బల్ల పక్కనే పాప మంచం కనబడుతోంది. గట్టిపడని రెజిన్ ఘాటుగా ఉంటుంది, చర్మానికి పడదు. ప్రింటయిన ముక్కను ఆల్కహాల్‌లో కడగాలి. గ్లౌజులు, గాలి బయటికి లాగే ఫ్యాను తప్పవు. అంటే ప్రింటరు ధరకు విడి గది అద్దె కూడా కలిపి లెక్క వేసుకోవాల్సిందే.

మీ ఉత్తరంలో నాకు ఆశ పుట్టించింది బెంగళూరు, చెన్నై ఆర్డర్లు కాదు, మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన ఆ రిటైర్మెంటు బండ్లు. కాగితం అడుగున వాటి లెక్క కూడా ఉంది. 3,500కు ఇచ్చారు, సామాను 1,400, పట్టిన సమయం 9 గంటలు. గంటకు 233 రూపాయలు! జీతం కన్నా ఎక్కువ. అయినా దాన్ని మీరు పనిగా లెక్కేయలేదు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) సరిపోని బొమ్మ జీపు కాబట్టి కాస్త నామోషీ అనిపించి ఉంటుంది. సన్మానానికి వచ్చినవాళ్లెవరూ వీల్‌బేస్ కొలవరు. తలుపు మీద స్టేషన్ పేరు, జిల్లా పేరు, ఎస్సై గారు ఎక్కి తిరిగిన బండి నంబరు సరిగ్గా ఉన్నాయా అనే చూస్తారు. అది సరిగ్గా చేయగలిగింది మీరొక్కరే. ధర 4,500 చేయండి, ఎవరూ బేరమాడరు. స్టేషన్‌లో పదిహేను మంది చందా వేసుకుంటే తలా 300.

పైగా ఈ పనిలో రెండు అనుకూలతలున్నాయి. మొదటిది, కాగితం మీద అచ్చువేసే మామూలు ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు. నల్ల బాడీ మీద తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల టోనరున్న చోటికి పంపాలి, డబ్బులు గుంజుతారు. తెల్ల బండి మీద నీలం, ఎరుపు అక్షరాలైతే పారదర్శక డెకల్ కాగితం మీద మామూలు లేజర్ ప్రింటరుతోనే వచ్చేస్తాయి. రెండోది, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ నెల ఆఖరి రోజునే ఉంటుంది కాబట్టి ఆర్డర్లు ఎప్పుడు ముంచుకొస్తాయో ముందే తెలుస్తుంది. మూడు వారాల ముందు చెప్పాలి, సగం అడ్వాన్సు ఇవ్వాలి అని నియమం పెట్టండి. లేకపోతే 29వ తారీఖు రాత్రి క్లియర్ కోటు ఆరక ఫ్యాను కింద కూర్చునే టెన్షన్ మీదే. ఇందుకోసం పోలీసు స్టేషన్ల దగ్గరే ఆగనక్కర్లేదు. అలిపిరి, మంగళం ఆర్టీసీ డిపోల్లో రిటైరయ్యే డ్రైవరన్నకు తాను ఘాట్ రోడ్డు మీద నడిపిన సప్తగిరి బస్సు ఇస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. అగ్నిమాపక కేంద్రాలూ ఉన్నాయి.

కిట్లతో బండ్లు చేసే మిగతావాళ్లకు బండ్లు కాకుండా డెకల్ షీట్లు అమ్మడం మేలని నా అభిప్రాయం. అక్షరం ఎత్తెంత, పట్టీ వెడల్పెంత అని మీరు టేపుతో కొలిచి తెచ్చిన శ్రమ ఒక్కసారిదే. ఆ తర్వాత షీటు ఎన్నిసార్లయినా ముద్రించుకోవచ్చు, కవర్లో పెట్టి పంపేయొచ్చు.

అయితే పొరుగు రాష్ట్రాలకు పంపే ముందు జీఎస్టీ సంగతి తెలుసుకోండి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరికీ తెలుసు. ఆ సడలింపు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. సరుకు తమిళనాడుకో కర్ణాటకకో అమ్మితే, ఒక్కటైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చేతివృత్తుల జాబితాలో ఉన్న సరుకుకు దీన్నుంచి 20 లక్షల దాకా మినహాయింపుంది. మాధవమాల కొయ్యబొమ్మల వాళ్లకు అది పనికొస్తుంది, ప్లాస్టిక్ కారుకు పనికిరాదు. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే అమ్మకం లేకపోయినా రిటర్న్ వేయాల్సిందే. ఇప్పటికే అమ్మిన నాలుగు బండ్ల విషయం ఆడిటర్ దగ్గర దాచకుండా చెప్పండి. రిటైర్మెంటు బండ్లన్నీ తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కలే కాబట్టి ఈ తలనొప్పి లేదు. నా మొగ్గు అటు ఉండటానికి ఇదీ ఒక కారణమే.

ఇంకో రెండు జాగ్రత్తలు. మూడు సింహాల జాతీయ చిహ్నాన్ని వ్యాపారానికి వాడటం 2005 చట్టం కింద నిషిద్ధం. మీ షెల్ఫు మీది బండికి ఏ గుర్తయినా వేసుకోండి, అమ్మే బండికి మాత్రం ఆ చిహ్నం వేయొద్దు. అలాగే 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. మీవి పెద్దల అలంకరణ మోడళ్లు, ఆట బొమ్మలు కావని పెట్టె మీదా బిల్లు మీదా రాయండి. పుట్టినరోజు కానుకగా పిల్లలకు అమ్మకండి.

ఇక బీరువా. విప్పని కిట్లు ఆస్తి అని చాలామంది అనుకుంటారు. కంపెనీ ఒక కిట్ తయారీ ఆపేస్తే పాత పెట్టెల ధర పెరిగే మాట నిజమే. క్రౌన్ విక్టోరియా అసలు కారే 2011తో ఆగిపోయింది కాబట్టి దాని మీద మోజు ఉంది. కానీ అచ్చులు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఏ రోజైనా అదే కిట్‌ను కొత్త పెట్టెలో మళ్లీ విడుదల చేస్తే పాతదాని ధర పడిపోతుంది. మన ఎండలకు డెకల్ షీటు పసుపెక్కి పగుళ్లిస్తుంది. మెత్తటి టైర్లు పారదర్శక ముక్కలకు ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే, ఆనిన చోట ప్లాస్టిక్ కరిగి మచ్చ పడుతుంది. ఒకసారి రెండు పెట్టెలు తెరిచి చూడండి, టైర్లను విడి కవర్లో వేయండి. భవిష్యత్తు లెక్కలో మాత్రం ఆ 1.8 లక్షల ఎదుట సున్నా రాసుకోండి. ఇకపై ఒక కిట్ పూర్తయ్యాకే ఇంకోటి కొనండి. 2023 బడ్జెట్‌లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 60 నుంచి 70 శాతానికి పెరిగింది, స్కేల్ మోడళ్లూ ఆ పద్దులోవే. ఉన్నవాటిలో చేయబోనివి అమ్మేస్తే చేతికి కాస్త డబ్బొస్తుంది.

ఇంటి సంగతికొస్తే, అన్నిటికన్నా ముందు కార్డు. 62 వేల మీద నెలకు మూడున్నర శాతం లెక్కన 2,170 రూపాయలు వడ్డీకే పోతోంది. ఎఫ్‌డీలోని 62 వేలకు ఏడాదికొచ్చే వడ్డీ కన్నా కార్డు మూడు నాలుగు నెలల్లో లాగేసేదే ఎక్కువ. రేపే బ్యాంకుకెళ్లి ఎఫ్‌డీలోంచి 62 వేలు తీసి కట్టేయండి. మిగిలిన 88 వేలను ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2 లక్షల 4 వేలు అయ్యేదాకా పెంచాలి. టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే 75 లక్షలకు తగ్గకుండా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. పాపకు పదేళ్లు రాలేదు కాబట్టి పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి, నెలకు 2 వేలతో మొదలుపెట్టినా చాలు.

మోడళ్లకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా, దానికో క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. కిట్, రంగు, డెకల్ కాగితం ఏది కొన్నా అందులోంచే, ఇంటి జీతంలోంచి రూపాయి కూడా అటు వెళ్లకూడదు. ఈ ఆదాయాన్ని ఐటీ రిటర్న్‌లో చూపించాలి, ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-4 వేయాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి భయపడాల్సిందేమీ లేదు. నెలకు రెండు రిటైర్మెంటు బండ్లు చొప్పున ఏడాది పాటు నడిస్తే, కొత్త ధర ప్రకారం ఆ ఖాతాలో 74 వేల దాకా మిగులుతుంది. ప్రింటరు అప్పుడు ఆ డబ్బుతో కొనండి, గది దొరికాక. అప్పటికీ ఆర్డర్లు నెలకు రెండు దాటకపోతే కొనక్కర్లేదు. ఈ లెక్కల కాగితం మీ ఆవిడకూ చూపించండి. ఏ కిట్ ఎంతకు కొన్నారో, ఎవరికి అమ్మవచ్చో ఒక జాబితా రాసి ఆమె చేతికివ్వండి. మీకేదైనా అయితే ఆ బీరువాలోని సరుకు విలువ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు కదా.