కాలేజీ అయ్యాక జోడీ దొరకడం ఎందుకు కష్టమవుతుంది?

మీలో లోపమేమీ వచ్చి పడదు. రోజూ ఎదురుపడే మనుషులు తగ్గిపోతారు, అంతే. బీటెక్‌లో నాలుగేళ్లూ అదే ల్యాబ్, అదే కాలేజీ బస్సు. రికార్డు అడిగి తీసుకోవడంతో మొదలైన మాట సెమిస్టరు తిరిగేసరికి ఎక్కడికో పోతుంది. 1950లో మనస్తత్వవేత్త ఫెస్టింజర్ బృందం ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది: అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల క్వార్టర్లలో స్నేహాలు ఎక్కువగా పక్కింటివాళ్లతోనే కుదిరాయి.

గచ్చిబౌలిలో ఉద్యోగమంటే పీజీ, క్యాబ్, లాగిన్, మళ్లీ పీజీ. టీమ్‌లో కొందరికి పెళ్లిళ్లయిపోయి ఉంటాయి, మిగతావాళ్లతో చనువుగా ఉందామంటే ఆఫీసు కదా అని జంకు. డేటింగ్ యాప్‌లోనేమో ముక్కూమొహం తెలియనివాళ్లని ఒక్క ఫొటోతో తేల్చెయ్యాలి. ఈలోగా ఇంట్లోవాళ్లు మ్యాట్రిమొనీలో ప్రొఫైల్ పెట్టేస్తారు. అక్కడ పేరు కంటే ముందు ప్యాకేజీ అడుగుతారు!

అలాగని కాలేజీ ప్రేమలన్నీ నిలుస్తాయనుకోకండి. ఒకరికి బెంగళూరులో ప్లేస్‌మెంట్, ఇంకొకరికి డల్లాస్‌లో ఎమ్మెస్ వచ్చాయంటే చాలామటుకు అక్కడితో సరి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి జీతం చేతిలో ఉంటుంది, ఇంట్లో నోరు విప్పే ధైర్యమూ ఉంటుంది. నన్నడిగితే యాప్ కంటే వారం వారం అవే మొహాలు కనిపించే చోటు మేలు: బ్యాడ్మింటన్ కోర్టో, ట్రెక్కింగ్ బృందమో.