సోఫీని ఏ వరసలో నిలబెట్టారు?

అమ్మాయీ,

ఆశీస్సులు. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, సోఫీ ఖోటెక్‌ల మీద నువ్వు రాస్తున్న నవల పంపినంత వరకూ చదివాను. భాష హాయిగా నడిచింది. నా పేచీ అల్లా ఒక్కటే. ప్రతి అధ్యాయంలో కన్నీళ్లు, మధ్యలో రాతిగుండె చక్రవర్తి. నాకైతే ఇది ఒక నిబంధన కథ: రాజవంశంవాళ్లు సరితూగే ఇంటి పిల్లనే చేసుకోవాలి, లేకపోతే ఆ భార్యకూ పిల్లలకూ రాజహోదా ఉండదు. నిబంధన ఎలా పనిచేసిందో చూపిస్తే ప్రేమ గురించి విడిగా చెప్పే పనే ఉండదు.

సోఫీ పేదింటి పిల్ల కాదు. బొహీమియాలో పాతకాలపు కౌంట్ల వంశం, తండ్రి దౌత్యవేత్త. అయినా ఆస్ట్రియానేలే హాబ్స్‌బర్గ్ రాజవంశంతో సరితూగే కుటుంబాల లెక్కలో వాళ్లు లేరు. ఆర్చ్‌డచెస్ ఇసబెల్లా (ఆర్చ్‌డ్యూక్, ఆర్చ్‌డచెస్ అంటే ఆ రాజకుటుంబపు మగవాళ్లు, ఆడవాళ్లు) దగ్గర సోఫీ కొలువు చేసిందని నువ్వు పనిమనిషిలా చూపించావు. ఆ కొలువు దొరికేది కూడా గొప్పింటి ఆడపిల్లలకే. గడప దాకా రానిచ్చి లోపలికి రానివ్వకపోవడం, అదీ నీ కథ.

1900 జూన్ 28ని రెండు వాక్యాల్లో దాటేశావు. నేనైతే అక్కడే తిష్ఠ వేస్తాను. వియన్నా హోఫ్‌బర్గ్ భవనంలో, చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఎదుట, ఆర్చ్‌డ్యూకులు, మంత్రులు చూస్తుండగా, 36 ఏళ్ల వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ప్రమాణం చేశాడు. తన భార్య మహారాణి కాదు, పుట్టబోయే పిల్లలకు సింహాసనం మీద హక్కు లేదు. ఇంకా కడుపున పడని పిల్లల హక్కు వదులుకుంటూ తండ్రి సంతకం పెడుతున్నాడు, ఆ గదిలో ఎవరు ఎటు చూస్తున్నారో రాయొద్దూ? జూలై 1న రైష్‌టాట్‌లో పెళ్లి. చక్రవర్తి రాలేదు, పెళ్లికొడుకు తమ్ముళ్లూ రాలేదు. సవతి తల్లి మరియా థెరీసా మాత్రం వచ్చింది. ఆవిడ ఊసే నువ్వు ఎత్తలేదు!

ఇక ఆస్థాన విందులు. సోఫీ భర్త పక్కన నడవకూడదు. ఆర్చ్‌డచెస్‌లందరూ, వాళ్లలో అందరికన్నా చిన్నదానితో సహా, ముందు వెళ్లాలి, తర్వాతే ఈమె. పెళ్లిభోజనంలో ఏ బంతిలో కూర్చోబెట్టారన్న దాని మీద ఏళ్ల తరబడి మాటలు మానేసే జనం మనం, మన పాఠకులకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. ‘ఆమె మనసు గాయపడింది’ లాంటి వాక్యాలు కొట్టెయ్. 1909లో వీళ్లు జర్మనీ వెళ్తే అక్కడి చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ విందులో చిన్న చిన్న బల్లలు వేయించాడు, ఎవరు ఎవరి తర్వాత అన్న టెన్షన్ లేకుండా. ఇలాంటివి పెట్టు, నీ నవలకు కాస్త నవ్వు కావాలి.

ఆస్థానంలో ఈ మర్యాదలన్నీ పట్టుబట్టి నడిపించిన మోంటెనువో ప్రభువును నువ్వు ఉత్త విలన్‌ని చేశావు. అతను ఎవరి మనవడో తెలుసా? నెపోలియన్ రెండో భార్య మరీ లూయీజ్, ఆ తర్వాత తనకన్నా తక్కువ అంతస్తువాడైన కౌంట్ నైపెర్గ్‌ని చేసుకుంది. ఆ సంబంధపు మనవడే ఇతను. అంటే అతనిదీ సోఫీ పిల్లల లాంటి పుట్టుకే. ఇంత మంచి మనిషి దొరికితే మీసం మెలేయించి వదిలేస్తావా?

నిబంధన అన్నిచోట్లా ఇంత బిగుతుగా లేదు. అలా అంతస్తు కలవని పెళ్లి సంతానమే జర్మనీలోని బాటెన్‌బర్గ్ కుటుంబం, ఆ ఇంటి పిల్ల ఈనా 1906లో స్పెయిన్ రాణి అయింది. పెళ్లికి ముందు మేనమామ, ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్, ఆమె హోదా పెంచేశాడు. ఇది ఏ పాత్ర నోటనైనా అనిపించు.

సరయేవోలో ఇద్దరినీ కాల్చి చంపిన ఘట్టాన్ని మొదటి పేజీలోనే పేల్చేశావు, చివరికి మార్చు. 1914లోనూ అది జూన్ 28. సైన్యం తనిఖీకి వచ్చిన అధికారి హోదాలో వెళ్లాడు కాబట్టి భార్యను కారులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆస్థానం ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. వియన్నాలో సోఫీ శవపేటికను భర్తదానికన్నా కింది ఎత్తులో పెట్టారు. రాజవంశపు సమాధుల్లో ఆమెకు చోటు ఉండదని ఆయనకు ముందే తెలుసు, అందుకే ఆర్ట్‌స్టెటెన్‌లోని తన కోటలో సొంత సమాధి గది కట్టించుకున్నాడు. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ముగ్గురు పిల్లల సంగతి ఇందులో కలపకు. కొడుకులిద్దరినీ 1938లో నాజీలు డాఖావ్ శిబిరంలో పెట్టారు. అది వేరే నవల, నువ్వే రాయి, తొందరేమీ లేదు. ముందు ఆ ప్రమాణం అధ్యాయం పంపు.