ఎవర్‌గ్లేడ్స్ వెళ్లేముందు సుధకు ఓ ఉత్తరం

చిరంజీవి సుధకు మావయ్య ఆశీస్సులు.

పిల్లలకు మా దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలు చూపిస్తానన్నావు, చాలా సంతోషం. కానీ వేసవి సెలవుల్లో వద్దమ్మా. అప్పుడు ఇక్కడ వానలు, ఒకటే దోమలు. పైగా ఎటు చూసినా నీళ్లే కాబట్టి జంతువులు చెల్లాచెదురుగా ఉంటాయి. డిసెంబరు, ఏప్రిల్ మధ్య రండి. నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ మిగిలిన గుంటల్లోకి చేరతాయి, వాటి కోసం కొంగలు వాలతాయి. ఆ గుంటల్లో చాలావాటిని మొసళ్లను పోలిన ఎలిగేటర్లే మూతితో, కాళ్లతో తవ్వుకుంటాయి. అవి తవ్వకపోతే ఆ నెలల్లో ఎన్నో ప్రాణులకు ఆధారం ఉండదు.

అందరూ ముందు ఎయిర్‌బోటు (పెద్ద ఫ్యానుతో నడిచే పడవ) ఎక్కేస్తారు. మీరు మాత్రం ఆ మోత జోలికి పోకుండా హోమ్‌స్టెడ్ ఊరి వైపు గేటు నుంచి పొద్దున్నే అన్‌హింగా ట్రైల్ అనే నడకదారికి వెళ్లండి. మైలు కూడా ఉండదు, పిల్లలు హాయిగా నడుస్తారు. అన్‌హింగా అంటే మన కొల్లేటి పాముమెడ పక్షికి దగ్గరి చుట్టం. నీళ్లలో మునిగి ముక్కుతో చేపను పొడుస్తుంది, పైకొచ్చి గాల్లోకి విసిరి తలవైపు నుంచి మింగుతుంది. తర్వాత రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటుంది. అక్కడ తొందరపడకు, అదంతా అయ్యేదాకా నిలబడి చూడండి. అన్నట్టు, అక్కడి పార్కింగులో రాబందులు కారు వైపర్ల రబ్బరు పీకేస్తాయి. కప్పుకోవడానికి పార్కువాళ్లు పట్టాలు పెడతారు, తప్పకుండా కప్పు.

అక్కడి నుంచి ఫ్లమింగో అనే చోటి దాకా వెళ్లండి. అమెరికన్ మొసలి, ఎలిగేటర్ రెండూ అడవిలో కలిసి బతికేది ప్రపంచంలో ఒక్క దక్షిణ ఫ్లోరిడాలోనే. మూతి సన్నగా ఉంటే మొసలి. గై బ్రాడ్లీ గురించి పిల్లలకు అక్కడే చెప్పు. ఆడవాళ్ల టోపీల్లో ఈకల కోసం కొంగలను గుంపులు గుంపులుగా చంపుతున్న రోజుల్లో ఆయన వాటికి కాపలా కాశాడు. 1905లో వేటగాడు కాల్చి చంపాడు. చంపినవాడికి శిక్ష కూడా పడలేదు. నాకు ఇప్పటికీ బాధేస్తుంది. నేషనల్ పార్కు వచ్చింది 1947లో.

పార్కులోనే ఉన్న షార్క్ వ్యాలీకి రెండో రోజు ఉంచుకో, దాని గేటు వేరే. పదిహేను మైళ్ల చుట్టు రోడ్డు. పెద్దపిల్ల సైకిల్ తొక్కగలదు, చిన్నవాడికి ట్రామ్ మేలు. రోడ్డు పక్కనే ఎలిగేటర్లు పడుకుంటాయి, కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. తిండి వేయడం నేరం.

సగం దారిలో టవరెక్కి చూస్తే అదంతా గడ్డి మైదానంలా ఉంటుంది గానీ, నిజానికి దక్షిణానికి మెల్లగా పారే లోతులేని ఏరు. 1928లో పూర్తయిన టామియామి ట్రైల్ అనే రోడ్డు దానికి అడ్డుకట్టలా తయారైంది. నీళ్లు పోవడానికి ఇప్పుడు కొంతమేర వంతెనలు కట్టారు. ఆ రోడ్డు పొడవునా మికసూకీ అనే ఆదివాసీ తెగవాళ్ల ఊళ్లున్నాయి. అమెరికా సైన్యానికి లొంగకుండా ఈ చిత్తడిలోకొచ్చి నిలిచినవాళ్ల సంతతి వాళ్లు. అడగకుండా ఫొటోలు తీయకండి.

నీళ్లు, టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు మీరు తెచ్చుకోండి. బైనాక్యులర్లు కొనకు, నా దగ్గర రెండున్నాయి.

మీ మావయ్య