గట్టి పోటీ ఎవరిచ్చినట్టు?

సందేహం: క్రికెట్ వార్తల్లో ‘గట్టి పోటీ ఇచ్చింది’ అంటే ఓడిన జట్టు గురించే కనిపిస్తోంది. ఎన్నికల వార్తల్లోనేమో ‘గట్టి పోటీ నెలకొంది’ అంటున్నారు. గెలిచినవారు గట్టి పోటీ ఇచ్చారని రాయకూడదా? ‘గట్టి విజయం’, ‘గట్టి మెజారిటీ’ సరైనవేనా? ‘గట్టెక్కారు’ కూడా ఈ గట్టి నుంచే వచ్చిందా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

సమాధానం: మీరు గమనించింది నిజం. నొక్కితే లొంగనిదాన్ని గట్టి అంటాం. పెరుగైనా, నేలైనా, మనిషైనా అంతే. ఆ మాట పరిమాణాన్ని కాదు, ఎదురు నిలిచే శక్తిని చెబుతుంది. అందుకే పోటీ, దెబ్బ, పట్టు, జవాబు వంటి మాటల పక్కన సహజంగా ఒదుగుతుంది. ఫలితాన్ని చెప్పే మాటల పక్కన ఒదగదు.

‘గట్టి పోటీ’ తర్వాత ఏ క్రియ వచ్చిందో చూడండి, అసలు కిటుకు అక్కడుంది. ‘ఇచ్చింది’ అంటే వెనకబడినవారి వైపు నుంచి చెబుతున్నాం. ‘ఎదుర్కొంది’ అంటే గెలుస్తుందనుకున్నవారి వైపు నుంచి. ‘నెలకొంది’ అంటే ఫలితం ఇంకా తేలలేదు, ఎవరి పక్షమూ వహించడం లేదు. పోలింగుకు ముందు రాసే రాజకీయ వార్తల్లో మూడోది, ఆట ముగిశాక రాసే వార్తల్లో మొదటిది ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. పేజీ మారడం వల్ల కాదు, వార్త రాసే సమయం మారడం వల్ల.

2023 జనవరి 18న ఉప్పల్‌లో భారత్ 349 పరుగులు చేసింది. 131కే 6 వికెట్లు పోయిన న్యూజిలాండ్, బ్రేస్‌వెల్ 140 పరుగులు బాదడంతో 337 దాకా వచ్చి 12 పరుగుల తేడాతో ఓడింది. ‘గట్టి పోటీ ఇచ్చిన న్యూజిలాండ్’ అన్న శీర్షికకు ఇంతకంటే తగిన మ్యాచ్ దొరకదు. అదే మ్యాచ్‌కు ‘గట్టి పోటీ ఇచ్చి గెలిచిన భారత్’ అని రాస్తే చదివేవారు తడబడతారు. ‘గట్టి పోటీ తట్టుకుని గెలిచిన భారత్’ అనాలి. అదే మైదానంలో 2024 అక్టోబరు 12న బంగ్లాదేశ్‌పై టీ20లో భారత్ 297 పరుగులు చేసి, 133 పరుగుల తేడాతో నెగ్గింది. అక్కడ గట్టికి చోటే లేదు. భారీ స్కోరు, ఘన విజయం అంతే.

జీహెచ్‌ఎంసీలో 150 డివిజన్లు ఉన్నప్పుడు, 2016లో 99 గెలిచిన టీఆర్‌ఎస్ 2020లో 56 దగ్గర ఆగింది. బీజేపీ 4 నుంచి 48కి ఎగబాకింది. దీన్ని ‘బీజేపీ గట్టి పోటీ ఇచ్చింది’ అనవచ్చు, ‘టీఆర్‌ఎస్‌కు గట్టి ఎదురుదెబ్బ’ అనీ అనవచ్చు. రెండూ ఒప్పే. దెబ్బకు మాత్రం ‘కు’ విభక్తి తప్పనిసరి, తిన్నదెవరో తెలియాలి కదా. ‘టీఆర్‌ఎస్ గట్టి ఎదురుదెబ్బ’ అని కుదిస్తే కొట్టిందో, తిన్నదో అర్థం కాదు. శీర్షికల్లో తరచూ దొర్లే తప్పు ఇది.

‘పట్టు’ దగ్గర మరో తేడా ఉంది. పాతబస్తీలో ఎంఐఎంకు గట్టి పట్టు ఉందంటాం, అది ఏళ్లుగా నిలిచి ఉన్న స్థితి కనుక. మ్యాచ్‌పై పట్టు మాత్రం ఓవరు ఓవరుకూ మారుతుంది. అందుకే అక్కడ విశేషణం కన్నా ‘పట్టు బిగించింది’, ‘పట్టు సడలింది’ అన్న క్రియలే బాగుంటాయి.

‘గట్టి విజయం’ రాయకండి. ఘన అన్నా గట్టిదనే అర్థం ఉంది, ఘనపదార్థం అంటున్నాం కదా. అయితే ఆ మాటకు గొప్పతనం కూడా అబ్బింది కాబట్టి విజయానికి నప్పింది. మెజారిటీకి కొలత ఉంది, కొలతకు తగిన మాటే వాడాలి. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 119లో 64 స్థానాలు వచ్చాయి, కావలసినవి 60. అది స్పష్టమైన మెజారిటీ, భారీ మెజారిటీ కాదు.

‘గట్టిగా’తోనూ జాగ్రత్త. ‘సభలో గట్టిగా మాట్లాడారు’ అంటే గొంతు పెంచారనా, నిలదీశారనా? మొదటిదైతే ‘బిగ్గరగా’ అనండి, రెండోదైతే ‘నిలదీశారు’ చాలు.

ఇక గట్టెక్కడం గట్టు ఎక్కడమే, గట్టికి చుట్టం కాదు. మునిగిపోకుండా ఒడ్డున పడటం అది. 2023లోనే యాకుత్‌పురాలో ఎంఐఎం 878 ఓట్లతో బయటపడింది. అలాంటి గెలుపుకే ‘గట్టెక్కింది’ అన్న మాట చెల్లుతుంది.