పద్నాలుగేళ్ళు పాడి మానేసిన బిల్ విదర్స్ ఇంకా ఎందుకు వినిపిస్తున్నారు?

మీరు రెండు విషయాలు అడిగారు. సోల్ సంగీతం (అమెరికా నల్లజాతివాళ్ళ చర్చి పాటల్లోంచి పుట్టిన శైలి) కొత్తగా వినాలంటే ఎవరితో మొదలుపెట్టాలి? అరవై, డెబ్భైల్లో పాడిన ఆ గాయకుల ప్రభావం ఇవాళ నిజంగా ఉందా, లేక పాత అభిమానుల పొగడ్తేనా? మొదటిదానికి ఎవరినడిగినా అరేథా ఫ్రాంక్లిన్ పేరో, ఓటిస్ రెడ్డింగ్ పేరో చెబుతారు. అందులో తప్పేమీ లేదు. నేను మాత్రం బిల్ విదర్స్ పేరు చెబుతాను. రెండో ప్రశ్నకూ ఆయన దగ్గరే మంచి జవాబు దొరుకుతుంది. 1971లో మొదటి ఆల్బమ్, 1985లో చివరిది. మధ్యలో మొత్తం ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు బతికి ఉన్నా ఇంకో ఆల్బమ్ చేయలేదు. అయినా ఆయన పాట వినని మనిషి అమెరికాలో దొరకడం కష్టం.

నేను ఆయన దగ్గరికి పాటల దారిలో వెళ్ళలేదు. నాకు చిన్నప్పటి నుంచి నత్తి. క్లాసులో హాజరు పిలుస్తుంటే నా నంబరు దగ్గర పడేకొద్దీ గొంతు బిగుసుకుపోయేది. 'ప్రెజెంట్ సార్' అనలేక చెయ్యి మాత్రం ఎత్తేవాణ్ణి. ఒక మాస్టారు అది పొగరనుకుని బెంచీ ఎక్కించేవారు. ఉద్యోగంలో చేరాక కూడా కాన్ఫరెన్స్ కాల్ అంటే టెన్షనే. అది గమనించిన ఒక సీనియర్, 2009లో వచ్చిన 'స్టిల్ బిల్' అనే డాక్యుమెంటరీ పేరు చెప్పి, "వీలున్నప్పుడు చూడు తమ్ముడూ" అన్నారు. ఎందుకో చెప్పలేదు. అందులో డెబ్భై ఏళ్ళ విదర్స్ న్యూయార్క్‌లో నత్తి ఉన్న పిల్లలతో నాటకాలు వేయించే బృందం దగ్గరికి వెళ్తారు. ఆ పిల్లలు మాట కోసం పెనుగులాడుతుంటే చూసి ఏడ్చేస్తారు. ఎందుకంటే ఆయనకీ నత్తే. దాదాపు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా వదల్లేదట. ఎదుటివాళ్ళను తనకంటే చాలా పెద్దగా ఊహించుకుని, వాళ్ళేమనుకుంటారో అని భయపడటం వల్లే మాట ఆగుతోందని తనకు అర్థమైందని చెప్పేవారు. స్పీచ్ థెరపీ గురించి నేను చదివిన చాలా విషయాలకన్నా ఈ ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. పాటలు వినడం ఆ తర్వాతే మొదలైంది.

ఆయన 1938 జులై 4న వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే చిన్న బొగ్గు గనుల ఊళ్ళో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో చివరివాడు. పదమూడో ఏట తండ్రి పోయారు. మాది కొత్తగూడెం, నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు. కాబట్టి ఆ ఊరు నాకు పెద్దగా ఊహించుకోవాల్సిన పని లేకుండానే అర్థమైంది. తండ్రి బాయి దిగితే కొడుకు కూడా దిగుతాడని అందరూ ముందే అనుకునే చోటు అది. ఆయన దిగలేదు. టీనేజీ దాటకముందే నేవీలో చేరి తొమ్మిదేళ్ళు పనిచేశారు. 1967లో లాస్ ఏంజెలస్ చేరి, విమానాలకు టాయిలెట్ సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసుకున్నారు.

పాటల మీదికి మనసు మళ్ళడానికి కారణం ఆయనే చెప్పిన కథ ఒకటుంది. ఒక క్లబ్బులో ప్రసిద్ధ గాయకుడు లూ రాల్స్ ఆలస్యంగా వచ్చాడట. "వారానికి రెండు వేల డాలర్లు ఇస్తున్నాను, టైముకు మాత్రం రాడు" అని మేనేజరు విసుక్కుంటుంటే, గంటకు మూడు డాలర్ల కూలీ అయిన విదర్స్ విన్నారు. వెళ్ళి తాకట్టు కొట్లో చవక గిటారు ఒకటి కొన్నారు. కళ కోసం తపించిపోయాడని రాయాలనుకునేవాళ్ళకు ఈ కథ అంతగా రుచించదు. నాకైతే ఇందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

మొదటి ఆల్బమ్ 'జస్ట్ ఆజ్ ఐ యామ్' 1971లో వచ్చింది. అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు. క్లారెన్స్ అవాంట్ నడిపే సస్సెక్స్ అనే చిన్న రికార్డు కంపెనీ వేసింది. మెంఫిస్ స్టాక్స్ స్టూడియోలో ఎందరికో వాయించిన బుకర్ టి. జోన్స్ ప్రొడ్యూసర్. అట్ట మీది ఫొటో ఫ్యాక్టరీ దగ్గరే, భోజన విరామంలో తీశారు. చేతిలో ఉన్నది గిటారు కాదు, టిఫిన్ డబ్బా. ఈ రంగాన్ని నమ్మలేమని ఉద్యోగం మానకుండానే రికార్డింగుకు వెళ్ళేవారు.

'ఎయింట్ నో సన్‌షైన్' ఈ ఆల్బమ్‌లోదే. తాగుడుకు బానిసలైన దంపతుల కథ 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' (1962) సినిమా చూసి రాశారు. పాట రెండు నిమిషాల చిల్లర మాత్రమే. మధ్యలో ఒకచోట 'ఐ నో' అన్న రెండు మాటలు వరసగా 26 సార్లు వస్తాయి. నిజానికి అక్కడ ఇంకో చరణం రాద్దామనుకున్నారు. స్టూడియోలో ఉన్న అనుభవజ్ఞులు "అలాగే వదిలెయ్" అన్నారు. "వాళ్ళంతా పేరున్నవాళ్ళు, నేను ఫ్యాక్టరీ కార్మికుణ్ణి, అందుకే విన్నాను" అన్నట్టు ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆ చోటును హెడ్‌ఫోన్స్‌తో వినండి. మిగతా వాద్యాలు దాదాపు ఆగిపోతాయి. గొంతు, డ్రమ్స్ మాత్రమే. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయి, దాన్నే పట్టుకుని, ఊపిరి సరిపోతుందో లేదో అన్నట్టు వెళ్ళడం. నత్తి ఉన్నవాళ్ళకు ఆ స్థితి తెలుసు. ఆయన దాన్ని ఉద్దేశించి చేశారని నేననను. ఆ పాట వింటే నాకు తోచేది మాత్రం అదే. కంపెనీ దీన్ని రికార్డుకు రెండో వైపున వేసింది. అసలు పాటగా పెట్టింది 'హార్లెమ్'. రేడియో వాళ్ళు పళ్ళెం తిప్పి దీన్నే వేశారు. అమెరికాలో హిట్ పాటల జాబితా అయిన బిల్‌బోర్డ్‌లో మూడో స్థానం దాకా వెళ్ళి, గ్రామీ కూడా తెచ్చింది.

సోల్ అంటే సాధారణంగా చర్చి గొంతు అంటారు. గాస్పెల్ అనే చర్చి భక్తి పాటల్లోని ఆవేశాన్ని తీసుకొచ్చి ప్రేమ పాటల్లో పెట్టడం. అరేథా, సామ్ కుక్ ఇద్దరూ పాస్టర్ల పిల్లలే. విదర్స్ దగ్గర చర్చి ఉంది కానీ స్టేజీ మీద కాదు, ప్రేక్షకుల బెంచీల్లో ఉంటుంది. 'గ్రాండ్‌మాస్ హ్యాండ్స్' అనే పాటంతా వాళ్ళ నాయనమ్మో అమ్మమ్మో ఒక ముసలావిడ చేతుల గురించే. ఆ చేతులు చర్చిలో చప్పట్లు కొట్టాయి, తాంబూరిన్ వాయించాయి, పిల్లాడు పడిపోకుండా పట్టుకున్నాయి. గొంతు పెంచడం, ఏడుపు, అరుపు ఏవీ ఉండవు. అరేథా పాట వింటే 'ఇలా మనవల్ల కాదు' అనిపిస్తుంది. విదర్స్ పాట వింటే 'నేనూ పాడగలనేమో' అనిపిస్తుంది. ఆయన ప్రభావం ఇన్నాళ్ళు నిలవడానికి మూలం అదేనని నా అభిప్రాయం. ఎవరైనా దూరడానికి ఆ పాటల్లో చోటుంది.

దీనికి 'లీన్ ఆన్ మీ' కంటే మంచి ఉదాహరణ లేదు. 1972లో రెండో ఆల్బమ్ 'స్టిల్ బిల్'లో వచ్చి, అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పుడే కొన్న చిన్న ఎలక్ట్రిక్ పియానో మీద, వాయించడం సరిగా రాక, వేళ్ళను పైకీ కిందకీ జరుపుతుంటే ఆ వరస తగిలిందట. నేను సెకండ్‌హ్యాండ్ కీబోర్డు కొన్నాక నేర్చుకున్న మొదటి పాట ఇదే. వరస చెప్తాను చూడండి: స స రి గ మ, మ గ రి స, స రి గ గ రి. అంతే. అన్నీ తెల్ల మెట్లే. పక్క గదిలోంచి మా అక్క (తను చిన్నప్పుడు వీణ నేర్చుకుంది) "సరళీ వరసలు మొదలెట్టావేంట్రా" అని నవ్వింది. సరళీ వరసలు మాయామాళవగౌళలో నేర్పుతారు, ఇది శంకరాభరణం స్వరాల్లో ఉంది, తేడా అంతవరకే. ఇక కుడి చేతి వేళ్ళ పట్టు మారదు, చెయ్యి మొత్తం ఒక్కో మెట్టు జరుగుతుంది. సంగీతం రానివాడికి కూడా మొదటిరోజే పాటలా వినిపిస్తుంది. మాటలూ అంతే. కష్టమొస్తే నా మీద ఆనుకో, రేపు నాకూ ఎవరో ఒకరు కావాలి కదా అన్నదే సారాంశం. స్లాబ్ ఫోర్క్ లాంటి ఊళ్ళో ఇరుగుపొరుగు ఒకరికొకరు అలా ఉండేవాళ్ళని, లాస్ ఏంజెలస్‌లో అది కనిపించక రాశానని ఆయన చెప్పేవారు. మా కాలనీలో గనిలో ప్రమాదం జరిగిందంటే ఆ ఇంటి పొయ్యి వెలగకముందే పక్కింటివాళ్ళ దగ్గర్నుంచి అన్నం వెళ్ళేది. కాబట్టి ఈ పాట నాకు ఆదర్శాల పాటగా అనిపించదు.

1972 అక్టోబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ చేశారు. దాని రికార్డు మరుసటి ఏడాది వచ్చింది. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. డ్రమ్స్ మీద జేమ్స్ గాడ్సన్. 'యూజ్ మీ' మొదలవగానే జనం చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో గమనించండి, వాళ్ళూ బ్యాండులో భాగమైపోతారు. 'ఐ కాంట్ రైట్ లెఫ్ట్ హ్యాండెడ్' అయితే వియత్నాంలో గాయపడి కుడిచేయి పనికిరాకుండా పోయిన కుర్రాడు ఇంటికి ఉత్తరం రాయించుకునే పాట. యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి. నినాదం ఒక్కటీ ఉండదు. పాటకు ముందు ఆయన మెల్లగా మాట్లాడతారు, ఆ మాటలే సగం పాట. నత్తితో పెరిగిన మనిషి అంత పెద్ద హాల్లో తొందరపడకుండా, మధ్యలో ఆగుతూ మాట్లాడటం నేను ఎన్నిసార్లు విన్నా విసుగు రాలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1975లో సస్సెక్స్ మూతపడింది, ఆయన పెద్ద కంపెనీ కొలంబియాకు మారారు. అక్కడ ఏ పాట పాడాలి, ఎవరి పాట మళ్ళీ పాడాలి అని సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. 1975, 76 ఆల్బమ్‌లు మీరు వినకపోయినా నష్టం లేదు. 1977 నాటి 'లవ్లీ డే' మాత్రం వినాలి. చివర్లో ఒకే స్వరాన్ని దాదాపు 18 సెకన్లు పట్టి ఉంచుతారు. 1978 తర్వాత ఏడేళ్ళు సొంత ఆల్బమ్ రాలేదు. ఆ మధ్యలోనే శాక్సోఫోన్ కళాకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్‌తో చేసిన 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' 1981లో రెండో స్థానానికి వెళ్ళి ఇంకో గ్రామీ తెచ్చింది. అయినా 1985 ఆల్బమ్ తర్వాత మూటాముల్లె సర్దుకున్నారు. ఇంట్లో భార్యాపిల్లలతో గడిపారు, పాటల హక్కుల వ్యవహారం కుటుంబమే చూసుకుంది. దీన్ని విషాదంగా రాసేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. ముప్పై దాటాక ఈ రంగంలోకి వచ్చిన మనిషికి బయట కూడా జీవితం ఉంటుందని తెలుసు, అంతే.

ఇక ప్రభావం. 1972లోనే చిన్నవాడైన మైకేల్ జాక్సన్ 'ఎయింట్ నో సన్‌షైన్' పాడి తన మొదటి సోలో ఆల్బమ్‌లో పెట్టుకున్నాడు. 1987లో క్లబ్ నూవో అనే బృందం 'లీన్ ఆన్ మీ'ని డాన్స్ పాటగా మార్చి మళ్ళీ నంబర్ వన్ చేసింది, దాంతో పాటలు మానేసిన విదర్స్‌కు రచయితగా మూడో గ్రామీ వచ్చింది. 1996లో బ్లాక్‌స్ట్రీట్ బృందం 'నో డిగిటీ'లో వినిపించే ఆ మూలుగు 'గ్రాండ్‌మాస్ హ్యాండ్స్' మొదట్లోదే. 1998లో విల్ స్మిత్ 'జస్ట్ ద టూ ఆఫ్ అస్'ను తండ్రీకొడుకుల ర్యాప్ చేసుకున్నాడు. హోసే జేమ్స్ అనే జాజ్ గాయకుడు 2018లో ఒక ఆల్బమ్ మొత్తం విదర్స్ పాటలతోనే చేశాడు. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్ని పరిచయం చేసింది స్టీవీ వండర్. 2020 మార్చి 30న, 81 ఏళ్ళ వయసులో గుండె జబ్బుతో ఆయన పోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొవిడ్ లాక్‌డౌన్‌లో జనం, ఆసుపత్రి సిబ్బంది 'లీన్ ఆన్ మీ' పాడుకుంటున్నారు. హైదరాబాద్ కేఫుల్లో ఓపెన్ మైక్ రోజున కూర్చుంటే 'ఎయింట్ నో సన్‌షైన్' ఎవరో ఒకరు పాడటం నేను చాలాసార్లు విన్నాను. పాడేవాళ్ళలో కొందరికి అది ఎవరి పాటో కూడా తెలియదు. మీ రెండో ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

మొదలుపెట్టడానికి హిట్ల కలెక్షన్ వద్దు. కార్నెగీ హాల్ కచేరీ ముందు వినండి, తర్వాత 'స్టిల్ బిల్', ఆపైన మొదటి ఆల్బమ్. డాక్యుమెంటరీ చివర్లో చూడండి. ఇంట్లో నత్తి ఉన్న పిల్లలుంటే మాత్రం డాక్యుమెంటరీయే ముందు, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని. ఇదంతా విన్నాక కూడా 'గొంతు ఇంకా విప్పి పాడొచ్చు కదా' అనిపిస్తే అప్పుడు అరేథా దగ్గరికి వెళ్ళండి, 1967 నాటి పాటలతో మొదలుపెట్టి.